వెనక్కి వాలిన బుట్టకమ్మలు

కల్లూరులో ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. బొజ్జయ్య పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో చీకట్లో ఎవడో దగ్గితే, ఆ దగ్గు విని వాడి ఊరు, ఇంటిపేరు, ఆ పూట తిన్న కూర కూడా చెప్పేశాడట. దగ్గింది దొంగ కాదు, మేక అని వాదించేవాళ్లూ ఉన్నారు. అయితేనేం, ఆ మేక కూడా ఎవరి దొడ్లోంచో దొంగిలించిన మేకేనని తర్వాత తేలిందట.

పేరులో తప్ప ఒంట్లో ఎక్కడా బొజ్జ లేని మనిషి. రిటైరయ్యాక ఖమ్మంలో డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు. ఏ కేసూ ఓడిపోలేదంటాడు. ఓడినవి మరిచిపోయే వరం ఆయనకు పుట్టుకతోనే ఉంది. అలాంటి బొజ్జయ్య ఆ మధ్యాహ్నం ములకలపల్లిలో హాతీరాం ఫోటో స్టూడియో మెట్లెక్కుతూ, ఈ ఒక్క కేసు మాత్రం ఓడిపోవాలని కనిపించిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

కేసు చిన్నదే. అడవి అంచు పల్లెలో పోతయ్య, జంపక్క అనే కోయ దంపతులకు ఒక్కతే కూతురు వనజ. ఖమ్మంలో బట్టల షాపులో పని. కొత్త పంట తొలిసారి తినే కొత్తల పండక్కి సెలవు దొరకదని ఫోన్లో ఏడ్చిన పిల్ల, తీరా సెలవు దొరికేసరికి చెప్పాపెట్టకుండా బస్సెక్కింది. పొద్దుగూకే వేళ ఊరి క్రాసింగు దగ్గర దిగిందని కండక్టరు చెప్పాడు. దిగిన పిల్ల ఇంటికి చేరలేదు. ఫోను మూగబోయింది. జంపక్క తిండి మానేసింది. మంచినీళ్లు కూడా మొగుడు తల ఎత్తి పట్టుకుని పోస్తే తప్ప గుటక పడలేదు.

ఇక ఆమె దక్కదని ఊరంతా అనుకుంటున్నప్పుడు, తెలియని నంబరు నుంచి ఆమె ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. వనజే. నవ్వీ నవ్వనట్టున్న ముఖం, వెనక జలపాతం, నీళ్ల మీద రెండు హంసలు. కింద ఒక మాట: అమ్మా, మంచిగున్న, నన్ను దేవులాడకు. ఆ పూట జంపక్క గంజి తాగింది.

తాగి, లేచి, బొజ్జయ్య కోసం కబురు పంపింది. నిన్న సాయంత్రం వాకిట్లో ఆయన ముందు ఫోను పట్టుకుని కూర్చుని ఆమె కోరింది ఒక్కటే.

"యాడుందో చెప్పు అయ్యా. ఎవనితోనన్న ఉండనీ, నేనేమనను. ఒక్కసారి దాని మొఖం జూసొస్త. ఇగో, ఈ బుట్టకమ్మలు నేనెన్నడు సూడలే. కొత్తయి. అంటే ఫోటో కొత్తదే గదా. పిల్ల నన్నే సూస్తుంది. ఫోను ఎటు తిప్పినా నన్నే సూస్తుంది."

పోతయ్య ఆ మాటలేవీ తనవి కానట్టు ఓ పక్కన కూర్చుని వెదురు గడ చీల్చి మేకులు చెక్కుతున్నాడు. బొజ్జయ్య అడిగిన ప్రతిదానికీ అవ్ అనో, లేదు అనో అని ఊరుకున్నాడు. కత్తికి ఒకసారి వేలు తెగితే రక్తం తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. కూతురి మీద బెంగ అనుకున్నాడు బొజ్జయ్య. బెంగే. ఆ బెంగకు పేరేమిటో అప్పటికి తెలియలేదు.

తెలిసింది ఒక్కటే. షాపు వాళ్లు ఇచ్చిన గుర్తింపు కార్డులో వనజ ముఖం, ఈ ఫోటోలో ముఖం ఒకటే, అయినా ఒకటి కాదు. ఇందులో ముక్కు ముందుకు తోసుకొచ్చింది. చెవులు వెనక్కి నక్కాయి. ఎందుకో చెప్పగలిగేవాడు ఒక్కడే. ఆ జలపాతం, ఆ హంసలు స్టూడియో తెర మీది బొమ్మలు, హాతీరాం సొత్తు. ఆ మండలంలో పెళ్లయిన ప్రతి జంటా ఆ హంసల ముందు నిలబడిందే. హంసలకు మాత్రం ఇన్నేళ్లయినా పెళ్లి కాలేదని బొజ్జయ్య దిగులు.

హాతీరాం యాభై దాటిన లంబాడా మనిషి. మెడలో కెమెరా లేకపోతే బట్టల్లేనట్టు సిగ్గుపడతాడు. ఫోటో చూపించగానే, తడుముకోకుండా పాఠం అప్పజెప్పాడు. ఆ పిల్ల ఒక్కతే వచ్చిందనీ, ఇదిగో ఈ స్టూలు మీదే కూర్చుందనీ, ఫోటో దిగి ఫోనులోకి ఎక్కించుకుని పోయిందనీ. ఎటు పోయిందో అడగలేదన్నాడు. బేరగాళ్లను ఎటు పోతున్నారని అడిగే అలవాటు తనకు లేదన్నాడు.

"మంచి అలవాటు," అని బొజ్జయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నాక్కూడా ఒకటి తియ్యి. నా దినాలకు పెట్టుకునే ఫోటో. మావోళ్లను నమ్ముకుంటే రేషను కార్డుల బొమ్మను పెద్దగ చేయించి దండేస్తరు. అండ్ల నేను బియ్యం దొంగ లెక్కుంట."

హాతీరాం ముఖం కాస్త తేలికపడింది. కేసు సంగతి తప్పి పని సంగతి రాగానే ప్రాణం లేచొచ్చింది. బొజ్జయ్యకు పౌడరు అద్దాడు. గొడుగు దీపాలు జరిపాడు. గాజు బీరువా తెరిచి, మూడు లెన్సులున్న అరలో ఒకదాన్ని ముట్టుకుని వదిలేసి, లోపలున్న బొద్దుదాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తాడు.

"ముందుదానికేమైంది?" అన్నాడు బొజ్జయ్య.

"అది ముప్పై అయిదు ఎమ్మెమ్ సార్. పెళ్లిపందిట్ల గుంపుకు, ఇరుకింట్ల పనికొస్తది. దాంతోని మొఖం నిండుగ తియ్యాలంటే మీద మీదకు పోవాలె. మీదికి పోతే ముక్కు ముందరికొస్తది, చెవులు ఎనక్కి ఉరుకుతయ్. మనిషి మనిషి లెక్కుండడు. మధ్యది యాభై, కార్డు ఫోటోలకు నడుస్తది. మొఖమంటే ఇదే, ఎనభై అయిదు. దూరం నిలబడి తియ్యాలె. దూరం నుంచి సూస్తేనే మొఖం దాని కొలతల అది ఉంటది, ఎనకదంత మసకైతది."

ఆ దూరం కోసమే వంటింటి గోడ పడగొట్టాడట. పొయ్యి వాకిట్లోకి పోయింది. ఆయన భార్య సోమ్లి అప్పటి నుంచి వానొచ్చిన ప్రతిసారీ గొడుగు కింద వండుతూ ఆ లెన్సును తిడుతుందట. ఎవరైనా సరే, ఎంత పేదోళ్లయినా సరే, మొఖానికి ఆ చిన్న లెన్సు పెట్టనని, పెడితే తన చెయ్యి విరిగిపోవాలని ఒట్టు వేసుకున్నాడు హాతీరాం.

బొజ్జయ్య ఆ ఒట్టును విని జేబులో వేసుకున్నాడు. అడగబోయేంతలో బూట్ల చప్పుడైంది.

సబ్ ఇన్‌స్పెక్టర్ వీరబాబు. సత్తుపల్లి వైపు కుర్రాడు, చురుకైనవాడు. వనజ కేసు మూసేసింది ఆయనే. పౌడరు ముఖంతో దీపాల మధ్య కూర్చున్న బొజ్జయ్యను తలుపు దగ్గరే ఆగి తీరిగ్గా చూశాడు.

"ఏం బాబాయ్, సంబంధాలు చూస్తున్నారా?"

"వచ్చినయ్ సార్. కట్టెల అడితీ నుంచి ఒకటి వచ్చింది."

వీరబాబు నవ్వలేదు. అమ్మాయి మేజరు, ఫోటో పంపింది, వెతకొద్దని రాసింది, కొత్త డ్రెస్సు, కొత్త కమ్మలు, కొత్త కాపురం అన్నాడు. నంబరు ఆగిపోవడం వింతేమీ కాదన్నాడు. ఊళ్లో అందరూ ఒప్పుకున్నాక ఈయనొక్కడికీ ఏమి అనుమానమని అడిగాడు. పిల్ల బతికుంటే తనకంటే సంతోషించేవాడు లేడని బొజ్జయ్య జవాబిచ్చాడు.

"అయితే సంతోషించి బస్సెక్కండి. బాబాయ్, ఆవిడ ఇప్పుడు అన్నం తింటోంది. మీ తెలివి నిరూపించుకోవడానికి ఆవిడ కంచం లాక్కోకండి."

జీపు వెళ్లిపోయింది. బయట గాలి లేచి రేకులు దడదడలాడాయి. లేచి బస్సెక్కితే సరిపోయేది. పౌడరు తుడుచుకుని ఒక్క అడుగు వేశాడు కూడా. కానీ ముసలి కుక్కకు వాసన తగిలాక ఇల్లు గుర్తుండదు. వెనక్కి తిరిగి ఫోటో హాతీరాం ముందు పెట్టాడు.

"గోడ పడగొట్టినవ్. ఆడమనిషిని వానల వండిస్తున్నవ్. మరి ఈ పిల్లకు ఆ లెన్సు ఎందుకు పెట్టలే? ముక్కు సూడు. చెవులేవి? ఈ స్టూలు మీద కూసున్న పిల్లకు, నీకు మధ్య ఇంత జాగ ఉంటే, మీది మీదికి పోయి ముప్పై అయిదుతోని ఎందుకు తీసినవ్?"

హాతీరాం మెడలో కెమెరాను రెండు చేతులా పట్టుకున్నాడు. నిజం మాత్రం బయటికి రావద్దనుకున్నాడు బొజ్జయ్య. ఏదో ఒక మామూలు కారణం చెప్పమని, లెన్సు పాడైందని చెప్పమని, కళ్లతోనే బతిమాలాడు. అప్పుడే, ముక్కూ చెవుల మీద ఉన్న చూపు కాస్త కిందికి జారి, ఆ కొత్త బుట్టకమ్మల మీద ఆగింది.

కూర్చున్న మనిషికి బుట్టకమ్మలు భుజం మీదికి వేలాడాలి. ఇవి మెడ వెనక్కి వాలి ఉన్నాయి. రెండూ. జుట్టు కూడా భుజాల మీదికి రాకుండా వెనక్కే జారిపోయింది.

బొజ్జయ్య ఫోనును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. ఇప్పుడు కమ్మలు సరిగ్గా ఉన్నాయి. జుట్టు సరిగ్గా ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"పడుకున్న మనిషిని మీద నుంచి తీసినవ్," అన్నాడు. "కళ్లు తెరిపించినవ్."

కరెంటు పోయింది. గొడుగు దీపాలు ఆరిపోయి గదిలో మసక వెలుతురు మిగిలింది. ఆ మసకలో హాతీరాం స్టూలు మీద కూలబడి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ పల్లెల్లో అది ఆయన ఎన్నాళ్లుగానో చేస్తున్న పని. ఒక్క ఫోటో కూడా దిగకుండా పోయే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. పోయాక ఇంటివాళ్లు ఆయన్ను పిలుచుకుపోతారు. ఆయన ఫోటో తీసి, స్టూడియోకు తెచ్చి, కంప్యూటరులో మూసిన కళ్లు తీసేసి ఇంకెవరివో తెరిచిన కళ్లు అతికి, వెనక జలపాతం పెట్టి, దినాల నాటికి పటం కట్టి ఇస్తాడు. అది మోసమని ఎవరూ అనుకోరు. పోయినవాళ్లు ఇంటివైపు చూస్తూ ఉండాలి గదా అంటారు.

వనజకూ అలాగే చేశాడు. చేను కావలి గుడిసెలో పడుకోబెట్టి ఉంది. వాన పడుతోంది. గుడిసెలో నిటారుగా నిలబడే ఎత్తు లేదు. నడుము వంచి మీద మీదికి పోవాల్సి వచ్చింది. ఎనభై అయిదు సంచిలోనే ఉండిపోయింది.

"అది నాకింక మనసుల నలుగుతనే ఉంది సార్. పిల్లకు మంచి లెన్సు పెట్టలేకపోతినని."

ఎట్లా పోయిందని అడిగాడు బొజ్జయ్య.

అడవి పందులు, అన్నాడు హాతీరాం. మొక్కజొన్న కంకి పట్టగానే పందులు దిగుతాయి. తెల్లారేసరికి చేను నేలమట్టం. అందుకని చేను చుట్టూ మేకులు కొట్టి, వైరు లాగి, పైన పోయే కరెంటు తీగకు కొక్కెం తగిలిస్తారు. తప్పని అందరికీ తెలుసు. అందరూ చేస్తారు. ఊళ్లో మనుషులకు ఏ పూట ఏ చేనుకు వైరుందో తెలుసు కాబట్టి అటు పోరు. ఆ పిల్ల వస్తున్నట్టు ఎవరికీ తెలియదు. రోడ్డు చుట్టూ తిరిగి రావడమెందుకని చిన్నప్పటి నుంచి నడిచిన అడ్డదారినే పడింది.

"ఎవరి చేను?"

హాతీరాం నేల చూశాడు.

"కళ్లు ఎవరివి పెట్టినవ్?"

"జంపక్కవి. పోడు పట్టా కోసం ఆమెకు ఫోటో తీసిన, అది నా దగ్గర్నే ఉంది. వాళ్లమ్మ కళ్లు పెట్టు, అచ్చం అట్లనే ఉంటయ్ అన్నడు."

"ఎవరన్నరు?"

"ఇంకెవరంటరు సార్."

ఫోను ఎటు తిప్పినా నన్నే చూస్తుంది అంది జంపక్క. తన కళ్లలోకి తానే చూసుకుంటూ గంజి తాగింది. కూతురికి దినాలు చేసే దారి లేక, కనీసం పటమైనా దాచుకుందామని పోతయ్య ఫోటో తీయించాడట. భార్య తిండి మానేసి చావుకు దగ్గరపడ్డాక మళ్లీ వచ్చి, ఎవరో వదిలేసిన పాత సిమ్ముతో దాన్ని పంపించమని కాళ్లు పట్టుకున్నాడట. ఒక్క ముద్ద తింటే చాలు, తర్వాత సంగతి తర్వాత అన్నాడట.

హాతీరాం చెప్పాల్సిన సంగతి ఇంకొకటి మిగిలి ఉంది.

"పొద్దున్నే మళ్ల వచ్చిండు. ఖమ్మం సారు వచ్చిండు, ఇగ దాగదు అన్నడు. తన ఫోటో ఒకటి తియ్యమన్నడు. బతికుండగనే తీస్తే నీకు కళ్లు పెట్టే పని తప్పుతది గదా అన్నడు. నేను ఎనభై అయిదుతోనే తీసిన సార్."

బొజ్జయ్య అప్పటికే మెట్లు దిగాడు.

హాతీరాం మోటారు సైకిలు ఆయన్ను క్రాసింగు దగ్గర దింపింది. వనజ నడిచిన అడ్డదారినే బొజ్జయ్య నడిచాడు. పొద్దు వాలుతోంది. గాలికి విరిగిన టేకు కొమ్మలు దారి పొడవునా పడి ఉన్నాయి. కరెంటు ఇంకా రాలేదు. పల్లె వైపు ఒక్క మోటారు చప్పుడూ లేదు.

చేను గట్టు మీద ఆగి చూశాడు. చూసే పని మాత్రం కళ్లు అలవాటుగా చేసుకుపోయాయి. పాత మేకులు పీకేసిన గుంతలు వాన నీటితో నిండి ఉన్నాయి. వాటి పక్కనే కొత్త మేకులు, నిన్న వాకిట్లో చెక్కినవి. మొక్కజొన్న కోత అయిపోయింది. చేనులో పందులకు పనికొచ్చేది ఏమీ మిగల్లేదు. అయినా మేకుల మీద వైరు బిగించి ఉంది, గట్టు దారికి అడ్డంగా కూడా. వైరు ఒక కొస పైకి పోయి కరెంటు తీగకు కొక్కెంతో తగిలి ఉంది.

రెండో కొస పోతయ్య చేతిలో ఉంది. కావలి గుడిసె ముందు, ఈమధ్య తవ్వి పూడ్చిన మట్టి పక్కన కూర్చుని, వైరును ముంజేతికి గాజులా చుట్టుకుని ఉన్నాడు. తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. దాని మీద పటం, హంసల ముందు వనజ.

"పోయింది సారూ కరెంటు," అన్నాడు, బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు. "మధ్యాహ్నం సంది కూసున్న. రాలే."

బొజ్జయ్య కదల్లేదు. వైరు మీదికి ఉరికితే ఇద్దరూ పోతారు. కట్టె కోసం కళ్లతోనే వెతుకుతూ మాటలు పెట్టాడు. ఏ మాటలో తర్వాత ఆయనకే గుర్తులేదు. జీవితమంతా కల్లలు అల్లిన నోరు ఆ పూట ఒక్క నమ్మదగిన అబద్ధం పుట్టించలేకపోయింది. పిల్లను నువ్వు చంపలేదన్నాడు. పోతయ్య విన్నాడు, తల ఊపాడు.

"వైరు నేను కట్టిన. కొక్కెం నేనేసిన. పందే పడ్డదనుకోని, కత్తి పట్టుకోని నవ్వుకుంట వచ్చిన సారూ."

బొజ్జయ్య కళ్లు మళ్లీ కట్టె కోసం వెతికాయి.

పోతయ్య చూపు హఠాత్తుగా బొజ్జయ్య మీది నుంచి పక్కకు జరిగింది. ఊరి వైపు నుంచి అదే గట్టు మీద జంపక్క వస్తోంది. తల వంచి, రెండు చేతుల్లో ఫోను పళ్లెంలా పట్టుకుని, దారి చూడకుండా వస్తోంది. కాళ్లకు చెప్పుల్లేవు. దారికి అడ్డంగా ఉన్న వైరు ఆమె మోకాళ్ల ఎత్తున, నాలుగడుగుల దూరంలోనే ఉంది.

ఆగమని బొజ్జయ్య అరిచాడు. గాలికి ఆ అరుపు ఎటో పోయింది. ఆమె ఆగలేదు.

పోతయ్య లేచాడు. ముంజేతికి చుట్టిన వైరునే రెండు చేతులా పట్టుకుని, కాలు గట్టుకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి గుంజాడు. తీగ ఊగింది. రెండోసారి గుంజాడు. కొక్కెం ఊడి మట్టిలో పడింది. మేకులు వరసగా పక్కకు ఒరిగాయి. జంపక్క కాలు వైరుకు తగిలింది. తడబడి, మళ్లీ నిలదొక్కుకుంది.

అవతలి చేనులో బోరు మోటారు ఒక్కసారి దగ్గి, నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

ముగ్గురూ ఆ నీళ్ల చప్పుడు విన్నారు. పోతయ్య చేతికి వైరు ఇంకా ఉంది, ఉత్త వైరు. చావడానికి అప్పటిదాకా వేచి ఉన్న మనిషి, అది వచ్చే క్షణానికి తన చేతులతోనే దాన్ని తెంపేసుకున్నాడు.

జంపక్క ఆ వైరు వైపు చూడలేదు. కొత్త మట్టి వైపు చూడలేదు. నడిచి వచ్చి ఫోను మొగుడి ముందు నేల మీద వెల్లకిలా పెట్టింది. ఇంట్లో మంచం మీద పెట్టి చూసినప్పుడు కనిపించిందో, ఎప్పుడు కనిపించిందో, మెల్లగా ఒకే మాట అడిగింది.

"పిల్ల కూసుంటే, కమ్మలెందుకు ఎనక్కి పడ్డయ్?"

పోతయ్య తల ఎత్తలేదు. ఆమె బొజ్జయ్య వైపు తిరిగింది. కేసు గెలిచిన డిటెక్టివ్ ఆమె వైపు ఒక్క అడుగు వేసి ఆగాడు. అవతల మోటారు నీళ్లు పోస్తూనే ఉంది. ఆమె కదలకుండా జవాబు కోసం నిలబడే ఉంది.